టంకం పట్టిన చేతికి కులం పెట్టిన పేరు

మా ఎలక్ట్రానిక్స్ ప్రయోగశాలలో ఒక్కో బల్ల దగ్గర నలుగురు విద్యార్థులు కూర్చుంటారు. పదిహేనేళ్లకు పైగా ఆ బల్లలను గమనిస్తున్నాను. నలుగురిలో ఒకరు టంకం వేస్తారు, ఒకరు మల్టీమీటరు పట్టుకుంటారు, మిగిలిన ఇద్దరు అంకెలు రాసుకుంటారు. ఏడాది పొడవునా ఆ పాత్రలు పెద్దగా మారవు. టంకం వేసే విద్యార్థి ఇంట్లో అప్పటికే ఒక సోల్డరింగ్ ఐరన్ ఉంటుంది, ఏ పదో తరగతి సెలవుల్లోనో తండ్రి కొనిపెట్టింది. అంకెలు రాసుకునే విద్యార్థి, నేను చూసినంతలో, చాలాసార్లు సాంఘిక సంక్షేమ హాస్టల్ నుంచో, గురుకులం నుంచో వచ్చినవాడై ఉంటాడు. రికార్డు పుస్తకంలో అతని చేతిరాత ముత్యాల్లా ఉంటుంది. చేతి పని మాత్రం ఎవరూ చూసి ఉండరు.

నిరుడు రెండో సంవత్సరం చదువుతున్న ఒక అమ్మాయిని పిలిచి, ఇన్ని వారాలైనా బ్రెడ్‌బోర్డు ఎందుకు ముట్టుకోలేదని అడిగాను. తల వంచుకొని, ‘కాలిపోతే ఎవరు కడతారు సార్?’ అంది. ఆమె ముందున్నది 555 అనే టైమర్ ఐసీ. బజారులో దాని ధర పది రూపాయల దరిదాపుల్లో ఉంటుంది. పది రూపాయల వస్తువు కాలిపోతుందేమోనన్న భయంతో ఒక ఇంజనీరింగ్ విద్యార్థిని ఆరు నెలలు చేతులు కట్టుకొని కూర్చుంది. ఆ భయాన్ని మన విద్యా వ్యవస్థ బిడియమంటుంది, ఆసక్తి లేకపోవడమంటుంది, ఒక్కోసారి ‘ప్రతిభ లేదు’ అని కూడా తీర్పు చెబుతుంది. ఆమె ప్రశ్నను నేను అలా వినలేకపోయాను. అది ఒకప్పటి నా ప్రశ్న.

ముందుగా లెక్క చూద్దాం. ఎలక్ట్రానిక్స్‌ను సరదాగా నేర్చుకోదలచిన విద్యార్థికి కావలసినవి తక్కువే. 25 వాట్ల సోల్డరింగ్ ఐరన్, కొంత సోల్డర్ తీగ, ఫ్లక్స్, తప్పుగా అతికిన టంకాన్ని పీల్చే పంపు, ఒక కట్టర్, ఒక చిన్న మల్టీమీటరు, బ్రెడ్‌బోర్డు, జంపర్ వైర్లు, పిడికెడు రెసిస్టర్లు, కెపాసిటర్లు, ఎల్ఈడీలు, రెండు మూడు ఐసీలు. చూసి కొనుక్కుంటే ఇవన్నీ 1500 రూపాయల లోపు వస్తాయి. దీనికి ఒక మైక్రోకంట్రోలర్ బోర్డు కలిపితే మరో నాలుగైదు వందలు. ఆర్డుయినో బోర్డు 2005లో ఇటలీలోని ఇవ్రియా పట్టణంలో రూపుదిద్దుకుంది. దాని నమూనాను అందరూ వాడుకోవచ్చని రూపకర్తలే బహిరంగపరిచారు. అందుకే అసలు బోర్డు 2000 రూపాయలు దాటితే, అదే పని చేసే నకలు అందులో నాలుగో వంతుకు దొరుకుతుంది. ఆ పేరును వాడుకోనంత వరకు నకలు దొంగసరుకేమీ కాదు. జ్ఞానాన్ని తాళం వేయకుండా వదిలితే ధర ఎంత దిగివస్తుందో చెప్పడానికి ఇంతకు మించిన ఉదాహరణ అక్కరలేదు.

2024–25లో ఉభయ తెలుగు రాష్ట్రాల్లోనూ ఉపాధి హామీ కూలి రోజుకు 300 రూపాయలు. అంటే ఆ పనిముట్ల సంచి విలువ ఒక కూలి మనిషి ఐదు రోజుల కష్టం. తిండి, మందులు, బస్సు ఛార్జీలు పోగా మిగిలే ఐదు రోజుల కూలి కాదది, ఇల్లు గడవాల్సిన ఐదు రోజుల కూలి. అయినా చాలా కుటుంబాలు పిల్లల చదువు పేరు చెబితే అప్పు చేసైనా ఆ మొత్తం తెస్తాయి. చిక్కు మొదటి కొనుగోలుతో తీరదు. ఈ విద్యలో విడిభాగాలు కాలుతాయి. ధ్రువాలు తారుమారు చేస్తే కెపాసిటర్ పేలుతుంది, రెసిస్టర్ పెట్టడం మరిస్తే ఎల్ఈడీ మాడుతుంది, ఒక్క వైరు తప్పు రంధ్రంలో దూరితే బోర్డే పోతుంది. కాల్చకుండా నేర్చుకున్నవాడిని నేనింతవరకు చూడలేదు. కనుక ఈ అభిరుచికి అసలు ఖర్చు రెండోసారి, మూడోసారి కొనడంలో ఉంది. ‘పోతే పోయింది, ఇంకోటి కొందాం’ అనే మాట ఏ ఇంట్లో వినబడుతుందో ఆ ఇంటి పిల్లలకే తప్పు చేసే హక్కు ఉంటుంది. తరతరాల ఆస్తి నుంచి పుట్టే మాట అది. ఆస్తి ఎవరి చేతుల్లో పోగుపడిందో, ఎవరికి దక్కకుండా పోయిందో ఈ పేజీ పాఠకులకు వేరుగా చెప్పనక్కరలేదు.

మాది నల్లగొండ జిల్లాలో ఒక మాదిగ కుటుంబం. మా నాయిన చెప్పులు కుట్టేవాడు, మోటబావుల కాలంలో మా తాత తోలు బొక్కెనలు కుట్టేవాడు. పాలిటెక్నిక్‌లో డిప్లొమా చదువుతుండగా, 1998లో, నేనూ నా తరగతి మిత్రుడూ కలిసి మొదటిసారి హైదరాబాద్ కోఠిలోని గుజరాతీ గల్లీకి వెళ్లాం. ఇమ్లీబన్ బస్టాండులో దిగి గౌలిగూడ మీదుగా నడిచాం. జేబులో మెస్ ఖర్చుల నుంచి మిగుల్చుకున్న 150 రూపాయలు. ఆ ఇరుకు గల్లీలో స్పీకర్లు, ట్రాన్స్‌ఫార్మర్లు, ఆంప్లిఫయర్ బోర్డులు, గోడల నిండా చిన్న చిన్న డబ్బాల్లో విడిభాగాలు. పుస్తకంలో గీతలుగా మాత్రమే చూసిన వస్తువులు ఎదురుగా కనబడుతుంటే కలిగిన సంతోషం ఇప్పటికీ గుర్తుంది.

ఒక దుకాణంలో నా మిత్రుణ్ణి చూసి యజమాని, ‘ఏ కాలేజీ బాబూ, ప్రాజెక్టా?’ అని అడిగాడు. నా వైపు తిరిగి, ‘కిస్‌నే భేజా రే?’ అన్నాడు. ఎవరు పంపారురా అని. ఇద్దరి చేతుల్లోనూ ఉన్నది ఒకే చీటీ. చీటీ రాసింది నేను. మిత్రుడి చొక్కా, రంగు, నిలబడే తీరు అతణ్ణి విద్యార్థిని చేశాయి. నావి నన్ను ఏదో మెకానిక్ షాపు పనిపిల్లవాణ్ణి చేశాయి. ఆయన చెడ్డవాడేమీ కాదు. అడిగిన సరుకంతా ఇచ్చాడు, లెక్క కూడా సరిగ్గానే కట్టాడు. రోజూ తన గల్లా ముందు నిలబడే మనుషులను చూసి నేర్చుకున్న లెక్కనే మాకూ వర్తింపజేశాడు. దళితుని కొడుకు విడిభాగాలు కొనడానికి వస్తే అది వేరొకరి పని అయి ఉంటుంది, తన సరదా అయి ఉండదు. ఆయనకు తెలిసిన లోకం అదే.

ఆ రోజు కొన్న కట్టర్ తీసుకొని ఇంటికి వెళితే నాయిన దాన్ని మూసి, కిటికీ వైపు ఎత్తిపట్టి చూశాడు. రెండు అంచుల మధ్య నుంచి సన్నని వెలుతురు గీత కనబడింది. ‘ఇది కొయ్యది బిడ్డా, నములుతది’ అన్నాడు. నిజంగానే అది రాగి తీగను కోయకుండా నలిపేది. తరువాత సెలవుల్లో నాయినే నాతో ఎర్రగడ్డ ఆదివారం సంతకు వచ్చాడు. పాత ఇనుప సామాన్ల కుప్పలో కూర్చొని గంటసేపు వెతికి, తుప్పు పట్టిన ఒక పాత కట్టర్‌ను ఏరాడు. బిగువు చూశాడు, అంచు చూశాడు, వెలుతురుకు పెట్టి చూశాడు. ఇంటికొచ్చి సానరాయి మీద నూరి ఇచ్చాడు. పీహెచ్‌డీ పూర్తయ్యే దాకా అదే వాడాను. ఆరె, రంపె పట్టి బతికిన మనిషికి ఏ ఉక్కు ఎంతకాలం అంచు నిలుపుతుందో తెలుసు, ఏ పనిముట్టు మీద డబ్బు పెట్టాలో, దేని మీద అక్కరలేదో తెలుసు. ఇప్పటికీ నా విద్యార్థులకు నేను చెప్పే సలహా ఆయనదే. మల్టీమీటరు, కట్టర్, ఐరన్ మొన, ఈ మూడింట్లో పిసినారితనం వద్దు. మిగతావన్నీ చవకవైనా పరవాలేదు. కట్టర్ కొనేముందు వెలుతురుకు ఎత్తి చూడండి. పరికరాల పాఠం నాకు మొదట చెప్పింది నాయిన. కానీ నా సిద్ధాంత గ్రంథంలో కృతజ్ఞతలు చెప్పినప్పుడు ఆయన్ను కన్నతండ్రిగానే ప్రస్తావించాను, గురువుగా రాయలేదు. ఆ రోజు నాకు అలా రాయవచ్చని తోచలేదు. నాలోనూ ఆ దుకాణదారు ఉన్నాడని చాలా ఆలస్యంగా అర్థమైంది.

ఈ అంధత్వం నా ఒక్కడిదే కాదు. పనులను పంచడంతో కులం ఆగలేదనీ, పని చేసేవాళ్లను మెట్లు మెట్లుగా విడగొట్టిందనీ అంబేడ్కర్ 1936లోనే ‘కుల నిర్మూలన’లో వాదించారు. చేతివృత్తుల కులాలతో ముడిపడిన సాంకేతిక జ్ఞానం, వలస పాలన కాలం నుంచి ఇంజనీరింగ్ చదువుగా మారుతూ అగ్రవర్ణాల చేతికి ఎలా చేరిందో అజంతా సుబ్రమణియన్ 2019లో వెలువరించిన ‘ది కాస్ట్ ఆఫ్ మెరిట్’లో మద్రాసు ఐఐటీని ఆధారం చేసుకొని వివరించారు. తోలు పనివారు, కుమ్మరులు, చాకళ్లు, మంగళ్లు చేసే పనిలోని విజ్ఞానాన్ని పిల్లలకు చెప్పడానికి కంచ ఐలయ్య 2007లో ఏకంగా ఒక పుస్తకమే రాశారు. ఇవన్నీ మన చర్చల్లో ఉన్నాయి. మన ప్రయోగశాలల్లోకి మాత్రం రాలేదు.

అందుకే ఒకే పనికి రెండు పేర్లు నిలిచి ఉన్నాయి. జూబ్లీహిల్స్ ఇంట్లో ఒక కుర్రాడు పాత రేడియో విప్పితే అది అభిరుచి. బస్తీలో అదే వయసు కుర్రాడు సెల్‌ఫోన్ విప్పితే అది బతుకుతెరువు. మొదటివాడిని తల్లిదండ్రులు చుట్టాలకు చూపించి మురిసిపోతారు. రెండోవాడు బడి మానేశాడేమోనని ఇరుగుపొరుగు ఆరా తీస్తారు. మొదటివాడి చేతిపని దరఖాస్తుల్లో ‘ఆవిష్కరణ’గా నమోదవుతుంది. రెండోవాడి చేతిపనికి నమోదయ్యే చోటే లేదు. ఐటీఐలో రెండేళ్లు ఎలక్ట్రానిక్స్ మెకానిక్ కోర్సు చదివిన యువకుడు సర్క్యూట్ బోర్డు మీద చేసే పనిని మా నాలుగో సంవత్సరం విద్యార్థుల్లో చాలామంది చేయలేరు. అయినా సమాజం దృష్టిలో అతను మెకానిక్, వీళ్లు ఇంజనీర్లు.

ఇంటర్‌నెట్ అంగళ్లు వచ్చాక పరిస్థితి మారిందంటారు. కొంత నిజమే. తెర మీద కొనేవాణ్ణి ‘ఎవరు పంపారురా’ అని ఎవరూ అడగరు. ముఖం చూపకుండా, కులం ఊహకు తావివ్వకుండా కొనగలగడం చిన్న విషయం కాదు. దాన్ని తక్కువ చేయను. అయితే గల్లా దగ్గరి అడ్డు పోయి వేరే అడ్డులు వచ్చాయి. గల్లీలో ఒక్క రెసిస్టర్, రెండు డయోడ్లు అడిగి కొనుక్కోవచ్చు. ఆన్‌లైన్‌లో ముప్పై రూపాయల సరుకుకు అంతకు మించిన రవాణా ఖర్చు. పైగా పేరు తెలియని వస్తువును వెతకడం ఎలా? గల్లీలో కాలిన ముక్కను చూపించి ‘ఇలాంటిది కావాలి’ అనవచ్చు, తెరకు అలా చూపించి అడగడం అంత తేలిక కాదు. వస్తువు వివరపత్రాలన్నీ ఇంగ్లిషులో ఉంటాయి. తెలుగు మాధ్యమంలో చదివిన విద్యార్థికి అది మరో గల్లా.

చవక సరుకులోని మోసమూ పేదవాడికే తగులుతుంది. 18650 రకం లిథియం సెల్లుల మీద 9900 మిల్లీ ఆంపియర్ అవర్ అని ముద్రించి అమ్ముతుంటారు. ఆ పరిమాణంలో పేరున్న తయారీదార్ల సెల్లులు కూడా సాధారణంగా 3500 దరిదాపుల్లోనే ఉంటాయి. ఆ పెద్ద అంకె పచ్చి అబద్ధం. రెండు వందల రూపాయల మల్టీమీటర్లలో చాలావాటికి 10 ఆంపియర్ల రంధ్రం వెనుక ఫ్యూజు ఉండదు. ఆ సంగతి ఇంగ్లిషులో చిన్న అక్షరాలతో దాని మీదే రాసి ఉంటుంది. పొరపాటున ఆ రంధ్రంలో వైరు ఉంచి ఇంటి కరెంటు వోల్టేజీ కొలవబోతే చేతిలోనే షార్ట్ సర్క్యూట్ అవుతుంది. అలాంటి మీటరుతో బ్యాటరీ సర్క్యూట్లే చూడండి, గోడ ప్లగ్గు జోలికి వెళ్లకండి అని ప్రతి ఏడాదీ మొదటి తరగతిలో చెబుతాను. చవకగా కొనక తప్పనివాడికే ఏది ప్రమాదమో ముందు తెలియాలి. మన దగ్గర ఆ సమాచారం ఖరీదైనవి కొనగలిగేవాళ్ల ఇళ్లలోనే తిరుగుతుంది.

పన్ను సంగతి చూడండి. ఐసీలు, రెసిస్టర్లు, బోర్డుల మీద జీఎస్టీ 18 శాతం. జీఎస్టీ నమోదు ఉన్న కర్మాగారం తాను కొన్న విడిభాగాల మీద కట్టిన పన్నును తన పన్ను లెక్కలో తిరిగి మినహాయించుకుంటుంది. హాస్టల్ విద్యార్థి మినహాయించుకునేది ఏమీ లేదు. చివరి వినియోగదారుడు కాబట్టి మొత్తం అతడే భరించాలి. చదువు కోసం కొనే పది రూపాయల చిప్ మీద కూడా పూర్తి పన్ను కడుతున్నది అతడే.

ప్రభుత్వాలు ఏమీ చేయలేదని అనను. 2016లో మొదలైన అటల్ ఇన్నోవేషన్ మిషన్ కింద అటల్ టింకరింగ్ ల్యాబ్‌కు ఎంపికైన బడికి ఐదేళ్ల నిర్వహణతో కలిపి 20 లక్షల రూపాయల వరకు ఇస్తున్నారు. రానున్న ఐదేళ్లలో ప్రభుత్వ పాఠశాలల్లో 50 వేల ల్యాబులు నెలకొల్పుతామని 2025 కేంద్ర బడ్జెట్‌లో ప్రకటించారు. మంచిదే. కానీ నేను వెళ్లిన ఒక పాఠశాలలో కిట్లన్నీ అద్దాల బీరువాలో ఉన్నాయి. ప్లాస్టిక్ కవర్లు కూడా విప్పలేదు. ఎందుకని అడిగితే ఉపాధ్యాయుడు స్టాక్ రిజిస్టర్ తీసి చూపించాడు. ‘ఒక్క సెన్సర్ తగ్గినా నేను సంజాయిషీ ఇచ్చుకోవాలి సార్’ అన్నాడు. మా అమ్మాయి అడిగిన ప్రశ్నే ఇది. కాలిపోతే ఎవరు కడతారు? సుద్దముక్క అరిగిపోతే ఏ ఉపాధ్యాయుణ్ణీ సంజాయిషీ అడగరు. రెసిస్టర్‌ను, ఐసీని, ఎల్ఈడీని కూడా సుద్దముక్కలాగే చూడాలన్న చిన్న ఆలోచన మన ఆడిట్ వ్యవస్థకు తట్టలేదు. ఇంట్లో కాల్చుకునే స్తోమత లేని పిల్లలకు బడిలోనూ కాల్చే అవకాశం లేకపోతే, ఇక వాళ్లు ఎక్కడ నేర్చుకోవాలి?

మళ్లీ ఆ అమ్మాయి దగ్గరకు వస్తాను. ఆమె రజక కుటుంబం నుంచి వచ్చింది. మాటల్లో అన్న గురించి అడిగితే ‘ఖాళీగానే ఉంటాడు సార్’ అంది. కొన్నాళ్లకు అసలు సంగతి తెలిసింది. అతను ఒక పట్టణంలో సెల్‌ఫోన్ మరమ్మతు దుకాణంలో పనిచేస్తున్నాడు. వేడిగాలి గన్‌తో ఛార్జింగ్ కనెక్టర్లు ఊడదీసి కొత్తవి అతికిస్తాడు, భూతద్దం కింద వెంట్రుక మందం తీగలు కలుపుతాడు. నాకు రాని పని అది. అన్న మెకానిక్ అని చెప్పుకోవడం కంటే ఖాళీగా ఉన్నాడని చెప్పుకోవడమే మర్యాదని ఎలక్ట్రానిక్స్ చదువుతున్న చెల్లెలు అనుకుంది. ఆ అనుకోవడాన్ని ఆమెకు నేర్పింది మనమే.

అతణ్ణి మా ప్రయోగశాలకు అతిథి బోధకుడిగా పిలవాలని అనుకున్నాను. విద్యార్హత పత్రం లేనివారికి గౌరవ వేతనం ఇవ్వడానికి నిబంధన ఒప్పుకోదని కార్యాలయం చెప్పింది. ఒక శనివారం అతను దుకాణానికి సెలవు పెట్టుకొని ఊరికే వచ్చాడు. చెప్పులు గుమ్మం బయట విడిచి లోపలికి వచ్చాడు, వద్దన్నా వినలేదు. మా ఐరన్‌లను చూసి, ‘మొనలు మాడిపోయినయి సార్, వీటితోని ఎవరికీ రాదు’ అన్నాడు. తడి స్పాంజితో తుడిచి, టంకం పూత పట్టించి, ఒక్కొక్కటీ బాగు చేశాడు. పాత బోర్డుల నుంచి పనికొచ్చే విడిభాగాలు ఊడదీసుకోవడం నేర్పాడు. మూలపడ్డ నాలుగు టీవీ బోర్డుల్లో ఒక తరగతికి సరిపడా డయోడ్లు, ట్రాన్సిస్టర్లు బయటపడ్డాయి. పైసా ఖర్చు లేదు కాబట్టి కాలినా ఎవరికీ బెంగ లేదు. మధ్యాహ్నానికి పిల్లలందరూ అతణ్ణి ‘సార్’ అంటున్నారు. చెల్లెలు మొదటిసారి ఐరన్ పట్టుకుంది. మొదటి ఐసీని కాల్చింది కూడా. అది ఊడదీసిన సరుకు. ఎవరూ కట్టనక్కరలేదు.

అనుభవం నేర్పిన దాన్ని విధానంగా మార్చమని అడగడం నా బాధ్యత. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2013లో ఎస్సీ, ఎస్టీ ఉప ప్రణాళిక చట్టం వచ్చింది. తెలంగాణలో 2017లో ప్రత్యేక అభివృద్ధి నిధి చట్టం వచ్చింది. ఆ నిధుల నుంచి ఎలక్ట్రానిక్స్ చదివే ప్రతి ఎస్సీ, ఎస్టీ పాలిటెక్నిక్, ఐటీఐ, ఇంజనీరింగ్ విద్యార్థికి ఒక పనిముట్ల సంచి ఇవ్వవచ్చు. బీసీ, మైనారిటీ విద్యార్థులకు వారి సంక్షేమ శాఖలు ఇవ్వవచ్చు. ఆ సంచి విద్యార్థి సొంతం కావాలి, ఇంటికి తీసుకువెళ్లే వీలుండాలి, చదువయ్యాక తిరిగి అడగకూడదు. ప్రయోగశాలల్లో నిర్ణీత ధర లోపు విడిభాగాలను స్టాక్ రిజిస్టర్ నుంచి తప్పించి, వాడితే అయిపోయే సరుకుగా పరిగణించాలి. ప్రతి కళాశాలలో పాత బోర్డుల నుంచి ఊడదీసిన విడిభాగాల నిల్వ ఒకటి ఉండాలి, అడిగినవారికి అడిగినంత ఇవ్వాలి. పత్రం లేకున్నా పని వచ్చిన మెకానిక్‌లకు బోధకులుగా గౌరవ వేతనం ఇచ్చే నిబంధన రావాలి. ఇవేవీ కోట్లతో కూడిన కోరికలు కావు.

రిజర్వేషన్ మన పిల్లలను ప్రయోగశాల గుమ్మం దాటించింది. ఆ గెలుపు చిన్నది కాదు, దానికోసం పోరాడినవారు మనకు తెలుసు. లోపలికి వచ్చిన పిల్ల బల్ల దగ్గర ఏ కుర్చీలో కూర్చుంటున్నదో, చేతిలో కలం ఉందో సోల్డరింగ్ ఐరన్ ఉందో చూడవలసిన పని ఇంకా మిగిలే ఉంది. ఈ ఏడాది మా ప్రయోగశాల తలుపు మీద ఒక కాగితం అంటించాను. ‘ఇక్కడ కాలిన విడిభాగానికి ఎవరూ డబ్బు కట్టనక్కరలేదు’ అని. దాని మీద అధికారిక ముద్ర లేదు. ఆ ముద్ర వేయడానికి ఏ ప్రభుత్వం ముందుకు వస్తుందో చూడాలి.

(వ్యాసకర్త ఎలక్ట్రానిక్స్ ఆచార్యులు)